చైనా గ్రాస్: సముద్రపు ఎర్రనాచుతో వండే తీరు, తినే లెక్క

వరంగల్ చౌరస్తా చుట్టుపక్కల ఏ డ్రైఫ్రూట్స్ దుకాణంలోనైనా అడగండి. రంజాన్ నెలలో మండిబజార్‌లో అయితే అడక్కముందే కనబడుతుంది. తెల్లగా, ఎండుగడ్డి పోచల్లా, చేతిలో పెడితే బరువే తెలియని పొట్లం. పేరు చైనా గ్రాస్. అది గడ్డి కాదు, చైనా నుంచే రావాలన్న నియమమూ లేదు. సముద్రంలో రాళ్లను పట్టుకొని పెరిగే ఎర్రనాచును నీళ్లలో మరిగించి, దిగిన జిగురును వడగట్టి, ఎండబెట్టిన సరుకు. జెలీడియం, గ్రాసిలేరియా, జెలీడియెల్లా అనే నాచు జాతుల నుంచి తీస్తారు. మన దేశంలో తమిళనాడు రామనాథపురం తీరాన, మన్నార్ సింధుశాఖలో, ఆడవాళ్లు నీళ్లలో మునిగి ఈ నాచును చేత్తో పీకి తెస్తారు. తమిళులు చైనా గ్రాస్‌ను కడల్ పాసి అంటారు. ప్యాకెట్ మీద అగర్ అగర్ అని రాసి ఉన్నా, ఆహారంలో కలిపే పదార్థాలకిచ్చే నంబరు ఐఎన్ఎస్ 406 అని ఉన్నా సరుకు ఇదే.

ఫోన్లలో ఈమధ్య సీ మాస్ పేరుతో ఎర్రనాచు జెల్ సీసాలు తెగ తిరుగుతున్నాయి. వాటి సంగతి కిందికి వస్తుంది. మన వంటింటికి మాత్రం పనికొచ్చేది ఈ చవక పొట్లమే. ఎందుకో కొలతలు, పద్ధతులు చూశాక తెలుస్తుంది.

కొనేటప్పుడు

పోచలు, పొడి అని రెండు రకాలు దొరుకుతాయి. పోచలు లేత మీగడ రంగులో, వెలుతురుకు పెడితే కొంచెం పారదర్శకంగా ఉండాలి. పసుపుపచ్చగా తిరిగి, ముక్కిన వాసన వస్తుంటే చెమ్మ తగిలిన పాత సరుకు. విషమేం కాదు గానీ సరిగ్గా గట్టిపడదు. పొడికి ఇంకో తిప్పలుంది. జెలటిన్ కూడా పొడిగానే దొరుకుతుంది, చూపుకు తేడా తెలియదు. జెలటిన్ పశువుల తోలు, ఎముకల నుంచి తీసేది. శాకాహారులకు, ఉపవాసం ఉండేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు కాబట్టి ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసుకోవాలి.

విడిగా తూకానికి కొన్న పొడి మీద అనుమానం ఉంటే ఇంట్లోనే తేల్చుకోవచ్చు. చిటికెడు పొడిని వేలు పెట్టగలిగేంత గోరువెచ్చని నీళ్లలో కలపండి. కరిగిపోతే జెలటిన్. ఉబ్బి అడుగున కూర్చుంటే అగర్; అది కరగాలంటే నీళ్లు మరగాల్సిందే. ఇంకా నమ్మకం కుదరకపోతే పటకారుతో కొంచెం కాల్చండి. జెలటిన్ మాంసకృత్తు గనుక వెంట్రుకలు కాలిన వాసన కొడుతుంది. అగర్ పిండిపదార్థం జాతిది, కాగితం మాడినట్టుంటుంది.

కొలత

అసలు పాఠం ఒకటే. నూరు వంతుల నీళ్లకు ఒక వంతు అగర్ చాలు. అంటే తులమంత పొట్లం, 10 గ్రాములు, లీటరు ద్రవాన్ని గట్టిపరుస్తుంది. స్పూనుతో తీసుకొని తినే మెత్తదనం కావాలంటే ఈ లెక్క సరిపోతుంది. చాకుతో ముక్కలు కోసి ప్లేట్లో పేర్చాలంటే 10 గ్రాములకు మొత్తం ముప్పావు లీటరు దాటనివ్వొద్దు. పొడి అయితే చదునుగా కొట్టిన చిన్న చెంచాడు సుమారు రెండు గ్రాములకు పైనే ఉంటుంది, పావు లీటరుకు అది చాలు.

అయితే కంపెనీకీ కంపెనీకీ బలం మారుతుంది. అందుకే గిన్నెల్లో పోయకముందు ఒక పరీక్ష చేయాలి. స్టీలు ప్లేటును ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరచి, దాని మీద ఒక చెంచాడు వేడి మిశ్రమం పోయండి. రెండు మూడు నిమిషాల్లో వేలితో నెడితే ముడత పడి కదలాలి. నీళ్లలా జారితే అగర్ తక్కువైంది. రబ్బరులా ఎగిరితే ఎక్కువైంది, కాసిని వేడి పాలు కలపాలి. ఈ ఒక్క పరీక్ష మానేసినందుకే సగం వంటలు పాడవుతాయి. ఎక్కువ వేస్తే మంచిదే కదా అని రెట్టింపు పొడి వేసేవాళ్లు, తర్వాత గొంతు దిగని ముద్ద తయారైందని చైనా గ్రాస్‌నే తిడతారు.

పాల చైనా గ్రాస్

10 గ్రాముల పోచలు, పావు లీటరు నీళ్లు, ముప్పావు లీటరు చిక్కటి పాలు, 100 గ్రాముల చక్కెర, నాలుగు యాలకులు. చల్లారాక తీపి తగ్గినట్టు అనిపిస్తుంది కాబట్టి వేడిమీద రుచి చూసినప్పుడు ఒక పిసరు ఎక్కువే ఉండాలి.

పోచల్ని కత్తెరతో అంగుళం ముక్కలుగా కత్తిరించి, చన్నీళ్లలో ఒకసారి జాడించి, ఆ పావు లీటరు నీళ్లలో అరగంట నానబెట్టండి. నానిన పోచ మెత్తబడుతుంది గానీ కరగదు. అదే గంజును నీళ్లతో సహా సన్నమంట మీద పెట్టి గంటెతో తిప్పుతూ ఉండండి. మొదట నీళ్లు మబ్బుగా మారతాయి, తర్వాత నురగ వస్తుంది, ఆ తర్వాత పోచలు సన్నబడి గాజు దారాల్లా కనబడతాయి. ఈ దశలో చాలామంది అయిపోయిందనుకొని దింపేస్తారు. కాలేదు. గంటెను పైకెత్తి వెలుతురుకు పట్టి చూడండి. దాని వీపున ఒక్క దారం కూడా అతుక్కొని ఉండకూడదు, గంజి లాంటి పొర మాత్రమే జారాలి. ఎనిమిది, పది నిమిషాలు పడుతుంది. మధ్యలో నీళ్లు ఇంకిపోతే కాసిని వేడినీళ్లు పోయొచ్చు.

పక్క పొయ్యి మీద పాలు చక్కెరతో కాగుతూ ఉండాలి. కరిగిన అగర్‌ను చాయ్ జాలిలోంచి ఆ వేడిపాలలోకి వడబోసి, రెండు నిమిషాలు కలిపి ఉడికించి, యాలకుల పొడి వేసి దింపండి.

పోచల్ని నేరుగా పాలలోనే వేసి ఎందుకు ఉడికించకూడదు? నీళ్లలో కరిగినంత త్వరగా పాలలో కరగవు. అవి కరిగేలోపు పాలు అడుగంటుతాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలు పోస్తే ఇంకా అన్యాయం. అగర్ చల్లదనం తగిలిన చోటే గడ్డకట్టి, సేమియా ముక్కల్లా తేలుతుంది. అలా జరిగితే పారబోయకండి, మళ్లీ పొయ్యి మీద పెట్టి మరిగిస్తే దారికి వస్తుంది.

పోసే ప్లేటును నీళ్లతో తడిపి వంపేయండి, నెయ్యి రాయొద్దు. రెండు సెంటీమీటర్ల మందానికి పోసి కదపకుండా వదిలేయాలి. గట్టిపడుతున్నప్పుడు గిన్నె జరిపితే లోపల కట్టిన అల్లిక తెగుతుంది, తర్వాత ఎంతసేపు ఉంచినా పగుళ్లు వచ్చి నీళ్లు కారుతుంది.

మే నెలలో గట్టిపడకపోతే

అగర్ గుణం విచిత్రమైంది. కరగడానికి సుమారు 85 డిగ్రీల వేడి కావాలి. గట్టిపడడం మాత్రం 32 నుంచి 40 డిగ్రీల మధ్య, ఏ నాచు నుంచి తీశారన్న దాన్ని బట్టి, జరుగుతుంది. హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చొని రాసిన వంట పుస్తకం 'గది ఉష్ణోగ్రతలో అరగంట ఉంచండి' అంటుంది. మే నెలలో మధ్యాహ్నం రామగుండంలోనో మంచిర్యాలలోనో వంటింట్లో 42 డిగ్రీలు ఉంటే గది ఉష్ణోగ్రతలో అది సాయంత్రం దాకా పాలలాగే ఉంటుంది. తప్పు అగర్‌ది కాదు. వెడల్పాటి పళ్లెంలో రంజన్ కుండలోని చల్లటి నీళ్లు పోసి, అందులో గిన్నె అడుగు మునిగేలా పెట్టండి. పైన ఉడుకు పోయి చేతికి గోరువెచ్చగా తగిలాక ఫ్రిజ్‌లోకి. కరెంటు పోయినా భయం లేదు, నీళ్లు రెండుసార్లు మారిస్తే చాలు.

ఒకసారి గట్టిపడిందా, ఇక ఎండ దాన్ని ఏమీ చేయలేదు. అదే జెలటిన్‌తో చేసిన జెల్లీ అయితే మన ఎండకాలంలో బల్ల మీద పెట్టిన పావుగంటకే షర్బత్ అవుతుంది. పెళ్లి పందిళ్లలో బయట వడ్డించాలంటే చైనా గ్రాసే ఎందుకు నమ్మకమో దీంతో తెలుస్తుంది. ల్యాబుల్లోకి అగర్ వచ్చింది కూడా ఇందుకే. జర్మనీలో రాబర్ట్ కోహ్ బృందం సూక్ష్మజీవుల్ని జెలటిన్ మీద పెంచబోతే అది వేడికి కరిగిపోయేది. 1881లో అదే ల్యాబులో పనిచేసే వాల్తెర్ హెస్సే భార్య ఫానీ హెస్సే, తన వంటింట్లో జెల్లీలకు వాడే అగర్‌ను సూచించింది. నేటికీ ఏ ఆసుపత్రి ల్యాబులో కల్చర్ పరీక్ష అన్నా ఆ గాజు పళ్లెంలో అడుగున ఉండేది ఈ ఎర్రనాచు జిగురే.

పులుపు, బెల్లం, పండ్లు

అగర్‌కు శత్రువు పులుపుతో కలిపి మరిగించడం. నిమ్మరసం, పచ్చిమామిడి, చింతపండు, బత్తాయి, ఏదైనా సరే అగర్‌తో పాటు ఉడికిస్తే దానిలోని పొడవాటి అణువుల గొలుసులు తెగిపోతాయి. తర్వాత ఫ్రిజ్‌లో రాత్రంతా పెట్టినా లాభం లేదు. కాబట్టి అగర్ పూర్తిగా కరిగి, మంట ఆర్పి, ఆవిరి తగ్గాకే పులుపు కలపాలి. పుల్లటి జెల్లీకి అగర్ పావు వంతు ఎక్కువ వేయడం కూడా మంచిది.

జగిత్యాల మామిడి వచ్చే రోజుల్లో అరలీటరు గుజ్జుకు 10 గ్రాముల చైనా గ్రాస్ తీసుకొని, 400 మిల్లీలీటర్ల నీళ్లలో కరిగించాలి. గుజ్జు ఫ్రిజ్ చల్లదనంతో ఉండకూడదు, బయట పెట్టి మామూలు వేడికి తెచ్చుకోండి. కరిగిన అగర్‌ను సన్నటి ధారగా పోస్తూ గబగబా కలపాలి, ఇందులో నిదానం పనికిరాదు. అనాస, బొప్పాయి పచ్చివి వేస్తే జెలటిన్ గట్టిపడదు, వాటిలోని ఎంజైములు మాంసకృత్తును తినేస్తాయి. అగర్ మాంసకృత్తు కాదు కాబట్టి ఆ బాధ లేదు, ధైర్యంగా వేసుకోవచ్చు.

తాటిముంజల కాలంలో అరలీటరు కొబ్బరినీళ్లకు 6 గ్రాములు చాలు. కొబ్బరినీళ్లను మరిగిస్తే రుచి పోతుంది. అందుకే అగర్‌ను విడిగా 100 మిల్లీలీటర్ల నీళ్లలో కరిగించి, గోరువెచ్చగా కాచిన కొబ్బరినీళ్లలో కలపాలి. ముంజ ముక్కలు ముందే వేస్తే అన్నీ అడుగుకు దిగుతాయి. జెల్లీ సగం బిగిసి, చెంచాతో తాకితే వణికే దశలో వేయండి.

బెల్లం వాడాలనుకుంటే పాలతో కలిపి కాచకండి, విరుగుతాయి. రెండు పొరలుగా వేయడం మేలు. కింద పాల పొర, పైన బెల్లం, శొంఠి కలిపిన నీటి పొర. కింది పొర బిగిసినా వేలికి ఇంకా జిగురుగా తగులుతున్నప్పుడే పైది పోయాలి. కింది పొర పూర్తిగా చల్లారిందంటే రెండూ అతకవు, కోస్తే పై పొర పలకలా జారిపోతుంది. అప్పటికే చల్లారితే ఫోర్కుతో పైన సన్నగా గీతలు గీసి పోయండి.

ఒంటికి చేసేదేమిటి

గొప్పలు పక్కన పెడితే అగర్ దాదాపు మొత్తం పీచుపదార్థమే. మన కడుపులోని రసాలు దాన్ని అరిగించలేవు. నీటిని పట్టుకొని ఉబ్బి, పేగుల్లో మలాన్ని మెత్తబరుస్తుంది. అందుకే మలబద్ధకానికి పనిచేస్తుంది. కడుపు నిండిన భావన కలుగుతుంది. కేలరీలు లెక్కలోకి రానంత తక్కువ. జపాన్‌లో చక్కెర వ్యాధి, ఊబకాయం ఉన్నవాళ్ల మీద 12 వారాలు చేసిన ఒక అధ్యయనం 2005లో అచ్చయింది. మామూలు పథ్యంతో పాటు అగర్ తిన్నవాళ్లు, పథ్యం మాత్రమే చేసినవాళ్లకంటే కొంత ఎక్కువ బరువు తగ్గారు. ఫలితం అంతవరకే. షుగర్ మందు మానేయమని దానర్థం కాదు. పైగా మనం అందులో 100 గ్రాముల చక్కెర పోసి 'ఆరోగ్యం' అని తింటే నాచు ఏం చేయగలదు? షుగర్ ఉన్నవాళ్లు మజ్జిగతో చేసుకోవచ్చు: నీళ్లలో కరిగించిన అగర్ ఆవిరి తగ్గాక, బయట పెట్టిన మజ్జిగ, ఉప్పు, వేయించిన జీలకర్ర, కొత్తిమీర కలిపి బిగిస్తే చక్కెర ప్రసక్తే ఉండదు.

రోజుకు ఒక కప్పు జెల్లీ, అంటే పొడిగా రెండు గ్రాములు, చాలు. అలవాటు లేనివాళ్లు అందులో సగంతో మొదలుపెట్టాలి, లేకపోతే కడుపు ఉబ్బరం, గ్యాస్ తప్పవు. తిన్నరోజు నీళ్లు బాగా తాగాలి. ఒక్కటి మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి: పొడిని నీళ్లలో తడిపి అట్లాగే మింగొద్దు. గొంతులోనో పేగులోనో ఉబ్బి అడ్డం పడే ప్రమాదముంది. ఎప్పుడూ మరిగించి, కరిగించి, గట్టిపరిచాకే తినాలి. పసిపిల్లలకు పెట్టొద్దు, చిన్నపిల్లలకు గోళీల్లా గుండ్రంగా కాకుండా చిన్న ముక్కలుగా కోసి పెట్టాలి. పక్షవాతం వచ్చి మింగడం కష్టమైనవాళ్లకు, పేగుల్లో అడ్డంకి ఉన్నవాళ్లకు వద్దు. మాత్రలు వేసుకునే వేళకూ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలి, పీచు మందును పట్టేసుకుంటుంది. పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు ఉదయం పూట దీని జోలికి పోకపోవడమే నయం.

సీ మాస్ సీసాల సంగతి

సీ మాస్ లేదా ఐరిష్ మాస్ అసలుది కాండ్రస్ క్రిస్పస్ అనే ఎర్రనాచు. అట్లాంటిక్ చల్లటి నీళ్లలో పెరుగుతుంది. ఐర్లండ్ తీరంలో పాలతో పుడ్డింగ్ చేసుకునేది దీంతోనే. మనకు ఆన్‌లైన్‌లో బంగారు రంగులో వచ్చేది ఎక్కువగా కప్పాఫైకస్, యూకీమా, గ్రాసిలేరియా లాంటి వెచ్చటి నీళ్ల నాచు. కప్పాఫైకస్‌ను తమిళనాడు తీరంలో వెదురు తెప్పలకు కట్టి పెంచుతారు, 45 రోజులకు కోతకు వస్తుంది. దాని జిగురు పేరు కారాజీనన్. ఐస్‌క్రీమ్, ఫ్లేవర్డ్ పాల డబ్బాల మీద ఐఎన్ఎస్ 407 అని కనబడేది అదే. ఇవన్నీ తినదగినవే. పేరు మార్చి, ధర పెంచి అమ్మడమే అభ్యంతరం.

'శరీరానికి కావాల్సిన 102 ఖనిజాల్లో 92 ఇందులో ఉన్నాయి' అని ఒక ప్రచారం ఉంది. మన ఒంటికి అవసరమైన ఖనిజాలు ఓ ఇరవైకి మించవు, మిగతావి ఎవరికోసమో మరి. నాచు సముద్రపు నీళ్లలో ఏముంటే అది పీల్చుకుంటుంది. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ ఉంటే అవి కూడా వస్తాయి. ల్యాబు రిపోర్టు చూపించని సీసా కొనకండి.

అయోడిన్ కోసం అనేవాళ్లకు ఒక చిన్న లెక్క. దుకాణంలో అమ్మే ఉప్పులో కిలోకు కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలన్నది నిబంధన. పది గ్రాముల ఉప్పులో 150 మైక్రోగ్రాములు. పెద్దవాళ్లకు రోజుకు కావాల్సిన అయోడిన్ అంతే. వండేటప్పుడు కొంత పోయినా పాలు, గుడ్ల నుంచి ఇంకొంత వస్తుంది. సముద్రం ఇక్కడికి ఎంత దూరమైనా అయోడిన్ ఉప్పు వాడే ఇంటికి నాచు అక్కర్లేదు. శుద్ధి చేసిన చైనా గ్రాస్‌లో అయోడిన్ స్వల్పం. సీ మాస్ మాత్రం మొత్తం నాచే గనుక ఒక సంచికీ ఇంకో సంచికీ అయోడిన్ ఎంతో మారుతుంది, అది ఎక్కువైనా థైరాయిడ్ చెడుతుంది. థైరాయిడ్ ఉన్నవాళ్లు, గర్భిణులు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ముట్టుకోవద్దు.

ఎండు నాచు ఇప్పటికే కొని ఉంటే, 25 గ్రాములు తీసుకొని ఇసుక, ఉప్పు పోయేదాకా మూడు నీళ్లు కడగండి. లీటరు చన్నీళ్లలో 12 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, 300 మిల్లీలీటర్ల మంచినీళ్లతో మిక్సీ పట్టండి. గాజు సీసాలో, ఫ్రిజ్‌లో రెండు వారాలకు మించి ఉంచొద్దు. పుల్లటి వాసన వచ్చినా, పైన గులాబీ చారలు కనబడినా పారేయాలి. అప్పుడప్పుడు ఒక చెంచా, చాయ్‌లోనో పండ్లరసంలోనో.

ఇదే నాచు పొలంలోకి కూడా వచ్చిందని పత్తి, మిర్చి రైతులకు తెలుసు. ఇఫ్కో అమ్మే సాగరిక సముద్రపు నాచుతో చేసిందే. 

మిగిలితే, పాడైతే

మూత పెట్టి ఫ్రిజ్‌లో పెడితే పాల చైనా గ్రాస్ రెండు మూడు రోజులుంటుంది. రెండో రోజు గిన్నె అడుగున కొంచెం నీరు చేరడం మామూలే, వంపేసి తినొచ్చు. డీప్ ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి. గడ్డకట్టి కరిగిందంటే నీళ్లన్నీ విడిపోయి స్పాంజి ముక్క మిగులుతుంది. వింతేమిటంటే పోచల చైనా గ్రాస్‌ను సంప్రదాయంగా తయారుచేసేదీ ఇలాగే: జిగురును గడ్డకట్టించి, కరిగించి, నీళ్లు కారిపోనిచ్చి ఎండబెడతారు. పొట్లం అంత తేలిగ్గా ఉండడానికి కారణం అదే.

సరిగ్గా బిగియని జెల్లీని పారబోయనక్కర్లేదు. పులుపు వేయనిదైతే మళ్లీ గంజులో పోసి, పావు చెంచా పొడిని రెండు చెంచాల నీళ్లలో మరిగించి కలిపి, ఇంకో రెండు నిమిషాలు కాచి, చల్లటి ప్లేటు మీద చెంచాడు పోసి చూసుకొని మళ్లీ పోయండి. మరీ గట్టిదైతే కరిగించాక వేడిపాలు కలపండి. పుల్లటిది బిగియకపోతే మాత్రం మళ్లీ మరిగించి లాభం లేదు. దాంట్లో సబ్జా గింజలు వేసి చల్లటి షర్బత్‌లా తాగేయాల్సిందే.